శిక్షణ ఏడాదికి ఎదురు డబ్బులు ఎవరు పెట్టాలి?



గడచిన సంచికల్లో కిడ్నీ జబ్బు గురించి, ఉప్పు గురించి, డయాలిసిస్ రోగి తినవలసిన ఆహారం గురించి ఈ పేజీలో చదివారు. ఈ నెల పాఠం ఆ రోగులను చూసుకునే మనుషుల గురించి. మన పిల్లల్లో ఎవరు నర్సులవుతున్నారు, ఎవరు ల్యాబ్ టెక్నీషియన్లవుతున్నారు, ఎవరు మధ్యలో ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు? ఇది ఆరోగ్య పాఠమేనా అని కొందరికి అనిపించవచ్చు. చివరి వరకు చదవగలరు.

కొన్నేళ్ల క్రితం వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక తల్లి మా ఓపీకి వస్తుండేది. భర్తకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఆమె కాశీబుగ్గలో జీడి పిక్కల పనికి వెళ్లేది. జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడి, అక్కడక్కడా పొక్కిపోయి ఉండేవి. వాళ్ల అమ్మాయి ఇంటర్ వొకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు మంచి మార్కులతో పూర్తి చేసింది. ప్రభుత్వాస్పత్రిలో ఏడాది శిక్షణకు పేరు కూడా వచ్చింది. ఆ రోజు ఆ తల్లి మా స్టాఫ్ అందరికీ మిఠాయి పంచింది.

మూడు నెలల తర్వాత చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు, అమ్మాయి ఎలా చేస్తోందమ్మా అని అడిగాను.

"మానీసింది సిస్టరమ్మా. ఇప్పుడు నాతోపాటే పనికొస్తంది. ఏటి సేత్తాం, ఏడాది పొడుగునా ఎదురు డబ్బులు ఎక్కడి నుంచి తెత్తాం?"

ఆ పిల్లను ఎవరూ పొమ్మనలేదు. పని రాక మానలేదు. రోజూ ఎలా వెళ్తున్నావు, మధ్యాహ్నం ఏం తింటున్నావు అని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆమె తండ్రి రక్తపరీక్షల కాగితాలు నెలనెలా మా చేతుల్లోనే ఉండేవి, ఆ ఇంటి పరిస్థితి మాకు తెలియనిది కాదు. మిఠాయి తిన్నాం, సంతోషించాం, అంతటితో మరచిపోయాం.

ఈ శిక్షణ ఏడాది ఏమిటి?

ఆస్పత్రి పని పుస్తకం చదివితే రాదు. అందుకే ఏ కోర్సుకైనా చివర కొంతకాలం ఆస్పత్రిలో పనిచేసి నేర్చుకోవాలనే నిబంధన ఉంది. ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. జీఎన్ఎం మూడేళ్లు, అందులోనూ ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. బీఎస్సీ నర్సింగ్‌లో నాలుగో ఏడాది చివరి భాగం అదే. పారామెడికల్ బీఎస్సీలకు, అనగా డయాలిసిస్, ల్యాబ్, అనస్థీషియా వంటి వాటికి, మూడేళ్ల చదువు తర్వాత ఒక ఏడాది. ఇక ఇంటర్ వొకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ గాని, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ గాని చదివిన పిల్లలు ఇంటర్ పాసైన తర్వాత ప్రభుత్వాస్పత్రిలో ఏడాది శిక్షణ పూర్తి చేయాలి. అది లేనిదే పారామెడికల్ బోర్డులో గాని నర్సింగ్ కౌన్సిల్‌లో గాని పేరు నమోదు కాదు. పేరు నమోదు కాకపోతే ఉద్యోగ ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టడానికే వీలుండదు.

అంటే రెండేళ్ల చదువంతా ఈ ఒక్క ఏడాది మీద ఆధారపడి ఉంది.

ఆ ఏడాది ఒక ఇంటికి ఎంత ఖర్చో లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకుని మీరే మళ్లీ కట్టుకోండి. ఊరి నుంచి బస్సు ఆగే చోటికి ఆటోకి రానూపోనూ 40 రూపాయలు, మధ్యాహ్నం భోజనం 60 రూపాయలు అనుకుందాం. నెలకు 26 రోజులకు ఈ రెండూ కలిపి 2,600. బస్సు సంగతికి వస్తే, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. అది పెద్ద ఊరటే. మగపిల్లలకు ఆ ఊరట లేదు. రాత్రి డ్యూటీ పడినప్పుడు ఎవరికైనా బస్సు దొరకదు, టెక్కలిలోనో పలాసలోనో తల దాచుకోవడానికి చోటు కావాలి. తెల్లకోటు, బూట్లు, రికార్డు పుస్తకాలు వేరే.

అయితే అసలు పెద్ద ఖర్చు ఇవేవీ కాదు. ఆ పిల్ల పనికి వెళ్తే రోజుకు 300 రూపాయలు వచ్చేవి అనుకుంటే, శిక్షణలో చేరిన రోజు నుంచి నెలకు 7,800 ఇంటికి రావడం ఆగిపోతుంది. పై 2,600 దీనికి కలిపితే నెలకు 10,400. ఏడాదికి 1,24,800.

డయాలిసిస్ రోగికి మన ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 10,000 రూపాయలు. అంటే నేను చెప్పిన ఇంట్లో తండ్రి పింఛను మొత్తం, మందులకూ బియ్యానికీ పైసా తీయకుండా కూతురి శిక్షణకే పెట్టినా ఇంకా 400 తక్కువ పడుతుంది. ఉద్యోగస్తుల ఇంట్లో పిల్లకు ఈ ఏడాది కొంచెం ఇబ్బంది, అంతే. జీడి కార్మికుల పిల్లకు, తండ్రి వేటకు వెరావల్ వెళ్లిపోయిన భావనపాడు పిల్లవాడికి, మందస కొండల మీది సవర పిల్లకు ఇదే ఏడాది దాటలేని గెడ్డ.

కొందరికి ఉంది, కొందరికి లేదు

నేర్చుకునే కాలంలో మనిషి తిని బతకడానికి ఇచ్చే భత్యాన్ని స్టైపెండు అంటారు. జీతమంత ఉండదు. దానం అనుకొని మొహమాటపడవలసినదీ కాదు, ఎందుకంటే శిక్షణలో ఉన్నవాళ్లు ఆస్పత్రి పని ఎంతో కొంత చేసిపెడుతూనే ఉంటారు.

ఎంబీబీఎస్ పూర్తి చేసి ఏడాది హౌస్ సర్జన్‌గా చేసే డాక్టరుకు స్టైపెండు ఉంటుంది. మన రాష్ట్రంలో 2022లో దాన్ని నెలకు 19,589 రూపాయల నుంచి 22,527కు పెంచారు. అది న్యాయమే. రాత్రంతా నిలబడి కాన్పులు చేసే పిల్లలు వాళ్లు. అదే ఏడాది పొరుగున తెలంగాణ ప్రభుత్వం తన నర్సింగ్ కళాశాలల విద్యార్థినుల స్టైపెండును పెంచింది. బీఎస్సీ మొదటి ఏడాదికి 1,500 ఉన్నది 5,000 అయింది, నాలుగో ఏడాదికి 2,200 ఉన్నది 8,000 అయింది. గమనించండి, అక్కడ చివరి ఆరు నెలలకే కాదు, చదువు మొదలైన నాటి నుంచీ ఇస్తున్నారు. పేదింటి పిల్ల రెండో ఏడాదిలోనే మానేస్తే చివరి ఆరు నెలల స్టైపెండు ఆమెకు ఏం ఉపయోగం?

ల్యాబులోనో డయాలిసిస్ గదిలోనో శిక్షణ పొందే పిల్లల దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల చేతికి ఏమీ రాదు. హౌస్ సర్జన్ గారు రాసిన రక్తపరీక్షకు అదే రాత్రి నమూనా తీసేది వాళ్లే. ఇద్దరూ నేర్చుకునేవాళ్లే. ఒకరికి స్టైపెండు ఉంది, ఇంకొకరు ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోవాలి. ఈ రెండో రకం కోర్సుల్లోకే మన ఊళ్ల పిల్లలు ఎక్కువగా వెళ్తున్నారన్నది మీరు గమనించే ఉంటారు.

చట్టం ఏం చెబుతోంది?

అప్రెంటిస్‌షిప్ అనగానే ఐటీఐ పిల్లలు, ఫ్యాక్టరీలు గుర్తుకొస్తాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చినప్పుడు అది అలాంటిదే. 1973లో డిగ్రీ, డిప్లొమా వాళ్లను, 1986లో ఇంటర్ వొకేషనల్ చదివినవాళ్లను అందులో చేర్చారు. వొకేషనల్ సబ్జెక్టుల జాబితాలో ల్యాబ్ టెక్నీషియన్ వంటి ఆరోగ్య కోర్సులు కూడా ఉన్నాయి. ఈ చట్టం కింద నమోదైన శిక్షణకు స్టైపెండు ఇచ్చి తీరాలి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీసం ఇంటర్ వొకేషనల్ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000 రూపాయలు. 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దీన్ని 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. కాబట్టి చేరే రోజున ఎంత ఇస్తున్నారో అడిగి తెలుసుకోవాలి.

పై మూడు రకాల వారి విషయంలో కనీస స్టైపెండులో సగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. మన దక్షిణాది రాష్ట్రాలకు ఆ పని చూసే బోర్డు చెన్నైలో ఉంది. ఇదే చట్టంలో శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉంచాలనే సెక్షన్ ఉంది, 2007 సవరణతో ఓబీసీలకూ ఉంచాలన్నారు. ఎవరైతే ఈ పనుల్లో తక్కువగా కనబడుతున్నారో వారిని భత్యం ఇచ్చి నేర్పించి తీసుకురావాలన్న ఆలోచన మనకు కొత్తది కాదన్నమాట. చట్టం పుస్తకంలో ఉంది, మన ఊళ్లకు దాని సంగతి చేరలేదు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. "క్లినికల్ ట్రైనింగ్" అనే పేరుతో జరిగేదంతా ఈ చట్టం కింద నమోదైన అప్రెంటిస్‌షిప్ కాదు. చూడటానికి రెండూ ఒకటే. అదే ల్యాబు, అదే తెల్లకోటు, చివర ఒక సర్టిఫికెట్. కాని మొదటిదానికి ఆస్పత్రి అనుమతి పత్రం ఒక్కటే ఉంటుంది. రెండోదానికి శిక్షణార్థి, ఆస్పత్రి ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం ఉంటుంది, అది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదవుతుంది, స్టైపెండు బ్యాంకు ఖాతాలో పడుతుంది. చేరే ముందు "ఒప్పందం ఉందా అండీ? నమోదు నంబరు ఇస్తారా?" అని మర్యాదగా అడగండి. అడిగితే సీటు పోతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఆస్పత్రిలో పనిచేసే మనిషిగా చెబుతున్నాను, అడిగినందుకు ఎవరూ సీటు తీసేయరు. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, ఎదుటి గుమాస్తాకు కూడా ఆ సంగతి తెలియదు. అప్పుడు వైద్యాధికారికి కాగితం మీద రాసి ఇవ్వవచ్చు.

ఒక ఊరివాళ్లు ఇటీవల ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి అడిగారు. 2024 అక్టోబర్‌లో మొదలైన ఆ పథకం పెద్ద కంపెనీల్లో శిక్షణ కోసం. 21 నుంచి 24 ఏళ్ల వారికి నెలకు 5,000 రూపాయలతో పెట్టారు. ప్రభుత్వాస్పత్రి శిక్షణకు దానికి సంబంధం లేదు.

డయాలిసిస్ గదిలో ఒక ఉదయం

మన పిల్లలకే ఎందుకు ఇవ్వాలి, డబ్బున్న పిల్లలు నేర్చుకుని వచ్చి పనిచేస్తే రోగికి ఏం నష్టం? ఒక పెద్దమనిషి నన్ను ఈ ప్రశ్నే అడిగారు. మంచి ప్రశ్న.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ప్రారంభమైంది. డయాలిసిస్ యంత్రాలు ఇప్పుడు సోంపేటలో, టెక్కలిలో కూడా ఉన్నాయి. యంత్రం కొంటే వస్తుంది. యంత్రం పక్కన కూర్చుని రోగి చేత నిజం చెప్పించే మనిషి కొంటే రారు.

డయాలిసిస్ మొదలుపెట్టే ముందు రోగి బరువు చూస్తారు. కిందటిసారికి ఇప్పటికి ఎంత పెరిగిందో అంత నీరు ఒంట్లో చేరిందని లెక్క. బయటి ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన ఒక టెక్నీషియన్ తమ్ముడు మంచి పనిమంతుడు. రోగిని ఏనాడూ విసుక్కోలేదు. ఒక ముసలాయనను "నీళ్లు ఎన్ని తాగారు?" అని అడిగాడు. "గుక్కెడే బాబూ" అన్నాడాయన. బరువు చూస్తే మూడు కిలోలకు పైగా పెరిగింది. ముసలాయన అబద్ధం చెబుతున్నాడని ఆ తమ్ముడు అనుకున్నాడు.

మందస వైపు నుంచి శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి దగ్గరకు వెళ్లి అడిగింది. "పొద్దున్న అంబలి ఎన్ని గిన్నెలు తాగినావు తాతా? తోటకెళ్లి బొండం కొట్టించుకున్నావా?"

ఆయన నవ్వేశాడు. "అంబలి రెండు పూటలా తాగినానమ్మా. బొండాలు రెండే. ఎండకి తట్టుకోలేకపోనాను."

ఆయన అబద్ధం చెప్పలేదు. చోడి అంబలి ఆయన లెక్కలో తిండి, నీళ్లు కాదు. గంజి కూడా అంతే, పలచటి మజ్జిగ కూడా అంతే. వైద్యం లెక్కలో మాత్రం గిన్నెడు అంబలి గిన్నెడు నీళ్లే. కొబ్బరి నీళ్ల సంగతి ఇంకా ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి అది మేలు చేస్తుంది, మూత్రంలో పోతుంది. కిడ్నీలు పాడైన మనిషిలో అది రక్తంలోనే నిలిచిపోతుంది. బాగా పెరిగితే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది, గుండె ఆగిపోవడమూ జరుగుతుంది. ఉద్దానం కొబ్బరి నేల. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తోటలను నేలమట్టం చేసినా, మళ్లీ నాటుకుని నిలబడ్డాం. ఇక్కడ మనిషి దాహం వేస్తే ముందు చూసేది కొబ్బరిచెట్టు వైపే. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇలా రాసి ఉండదు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ల తాత కూడా అలాగే తాగుతాడు కనుక తెలుసు.

ఆ రోజు డాక్టరు గారు వెంటనే పొటాషియం పరీక్ష రాశారు.

సవర పెద్దలు కొండ దిగి వచ్చినప్పుడు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే అవ్వలు వచ్చినప్పుడు ఇదే సమస్య ఇంకా పెద్దదవుతుంది. నొప్పి ఎక్కడో చూపించగలరు, ఎలాంటి నొప్పో చెప్పలేరు. వాళ్ల భాష తెలిసిన ఒక్క శిక్షణార్థి వార్డులో ఉంటే ఆ రోజు పని తీరే వేరు.

ఊరి పిల్ల అయినంత మాత్రాన మంచి టెక్నీషియన్ అయిపోతుందని నేను అనడం లేదు. సూది సరిగా పెట్టడం రాని ఊరి పిల్లలనూ చూశాను, తల్లిలా చూసుకునే దూరప్రాంతం వాళ్లనూ చూశాను. కాని మన వాళ్లు ఒక్కరూ లేని డయాలిసిస్ గదిలో మన రోగి సగం మాటలు మింగేస్తాడు.

పాత రోజుల్లో ఏం చేసేవారు?

మన సంఘ పెద్దలకు సోంపేట ఆరోగ్యవరం కంటి ఆస్పత్రి, డాక్టర్ బెన్ గల్లిసన్ గారి పేరు గుర్తుండే ఉంటుంది. 1963లో కెనడాలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ సంస్థ ఆయన ఇక్కడ చేస్తున్న పనికి అండగా పుట్టిందే. వేలూరులో ఐడా స్కడ్డర్ గారు 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి, 1909లో నర్సుల శిక్షణను, 1918లో స్త్రీల వైద్య విద్యాలయాన్ని ప్రారంభించారు. ఆ కాలంలో రోగి ఒంటిని తాకే పనికి పై కులాల ఇళ్ల నుంచి అమ్మాయిలు వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లు ఎక్కువగా పేద క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వితంతువులు. మిషన్ ఆస్పత్రులు వాళ్లకు బస, భోజనం, యూనిఫారం, చేతిఖర్చుకు కొంత ఇచ్చి నేర్పాయి. స్టైపెండు అనే మాట వాడినా వాడకపోయినా అది అదే. మన కుటుంబాల్లో మొదటి ఉద్యోగస్తురాలు నర్సమ్మ కావడానికి ఇదొక కారణం.

ఈ కథకు రెండో వైపు కూడా చెప్పాలి. అన్నం పెడుతున్నాం కదా అని ఆ అమ్మాయిల చేత స్టాఫ్ నర్సు పనంతా చేయించుకున్న ఆస్పత్రులు ఉన్నాయి. వార్డంతా ఒక్క విద్యార్థిని మీద వదిలేసిన రాత్రులు నేనూ చూశాను, విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆ రాత్రులు నావే. అప్రెంటిస్ చట్టం దీని గురించి స్పష్టంగా ఉంది. అప్రెంటిస్ అంటే శిక్షణార్థి, పనివాడు కాదు. స్టైపెండు ఇచ్చాం కాబట్టి ఖాళీ పోస్టులో నిలబెడతాం అంటే కుదరదు.

బయటి దేశాల్లోనూ ఈ చర్చ నడుస్తోంది. బ్రిటన్‌లో నల్లజాతి విద్యార్థులకు మంచి సంస్థల్లో అవకాశాలు రావడం లేదని 2020లో వంద మందికి జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు ఇప్పించే పని మొదలుపెట్టారు. తర్వాత దాన్ని పది వేల మందికి అని పెంచారు. ఆరోగ్య సమాచారం మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి 2021 నుంచి ఇలాంటి విద్యార్థులను ఎనిమిది వారాలు జీతమిచ్చి తీసుకుంటోంది. అంత సంపన్న దేశంలోనూ జీతం లేని శిక్షణ అంటే ఇంట్లో డబ్బున్నవాళ్లకే అని గ్రహించారు.

కుల ధ్రువపత్రం విషయంలో జాగ్రత్త

మన సంఘ కుటుంబాల్లో చాలామందికి ఇక్కడ చిక్కు వస్తుంది. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవారిని, వారి సంతానాన్ని మన రాష్ట్రంలో బీసీ-సి గ్రూపులో ఉంచారు. ఆ గ్రూపుకు ఉన్న రిజర్వేషన్ 1 శాతం. గిరిజనులకు మతంతో సంబంధం లేదు, సవరలు ఏ మతంలో ఉన్నా ఎస్టీలే. వాడబలిజ, జాలారి వంటి మత్స్యకార కులాలు బీసీ-ఎ లో ఉన్నాయి. ఎస్సీ కోటాకు, ఒక్క శాతానికి ఉన్న తేడా ఏమిటో మన పిల్లలకు తెలుసు, దాని మీద పెద్దల వాదనలు ఎంతో కాలంగా ఉన్నాయి. ఆ వాదన తేలేవరకు పిల్ల చేతిలో ఉండవలసింది సరైన పత్రం. తప్పుడు పత్రంతో సీటు వస్తే ఉద్యోగం వచ్చాక పోతుంది, కేసు మిగులుతుంది.

అయితే మైనారిటీగా ఒక దారి ఉంది. 2014లో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో పేద గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ ఇస్తారు. అందులో సగం స్థానాలు ఎస్సీ, ఎస్టీలకు, 15 శాతం మైనారిటీలకు అని పెట్టారు. మొత్తం మీద మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆస్పత్రి సహాయకుల కోర్సులు కూడా ఈ పథకంలో ఉన్నాయి. అది నర్సు కోర్సు కాదు, ఆ తేడా తెలిసి చేరండి.

శిక్షణార్థి ఒంటి సంగతి

ఇది ఆరోగ్య పేజీ కనుక ఇది చెప్పకుండా వదలను. డయాలిసిస్ గదిలో, ల్యాబులో పనిచేసేవాళ్లకు రక్తం ద్వారా హెపటైటిస్ బి సోకే ప్రమాదం ఉంది. దానికి టీకా ఉంది, మూడు డోసులు. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చేరిన తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. సీటు వచ్చిందని తెలిసిన రోజే మొదటి డోసు వేయించండి. హెపటైటిస్ సి కి టీకా లేదు, జాగ్రత్త ఒక్కటే మార్గం.

వాడిన సూది గుచ్చుకుంటే వేలు పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే ఇంచార్జికి చెప్పాలి. హెచ్ఐవి రాకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. మొత్తం 28 రోజులు వాడాలి. తిడతారని భయపడి దాచిన పిల్లలు ఉన్నారు. పిల్లలకు ముందే చెప్పి పంపండి, గుచ్చుకోవడం తప్పు కాదు, దాచడమే ప్రమాదం. చేరే ముందు ఆస్పత్రిని అడగవలసిన ప్రశ్నల్లో ఇది కూడా చేర్చుకోండి. టీకా ఎవరు వేయిస్తారు, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి?

ఇంకొక మాట. ప్రభుత్వాస్పత్రిలో శిక్షణ ఇప్పిస్తామని, సర్టిఫికెట్ తెచ్చిస్తామని డబ్బు అడిగేవారు కాశీబుగ్గ బస్టాండు దాకా వచ్చేశారు. రసీదు లేని డబ్బు ఎవరికీ ఇవ్వవద్దు. కోర్సు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదా అని చూడకుండా ఫీజు కట్టవద్దు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరకు

రెండేళ్ల తర్వాత ఆ తల్లి మళ్లీ కనబడింది. భర్త పోయారు. అమ్మాయి ఇంకా జీడి పనికే వెళ్తోంది. "ఇప్పుడు పంపించనా సిస్టరమ్మా, పెద్దదైపోనాది కదా" అని అడిగింది. ఇంటర్ వొకేషనల్ సర్టిఫికెట్ ఆ అమ్మాయి దగ్గర భద్రంగా ఉంది. ఈసారి మేం ముందుగా ఆటో ఖర్చు, భోజనం ఖర్చు కాగితం మీద రాసుకున్నాం. మా స్టాఫ్‌లో నలుగురం, సంఘంలో రెండు కుటుంబాలు కలిసి నెలకు కొంత చొప్పున వేసుకుంటున్నాం. చట్టప్రకారం ఒప్పందం రాయించడానికి దరఖాస్తు పెట్టాం, ఇంకా జవాబు రాలేదు. ఆమె ల్యాబులో నాలుగో నెలలో ఉంది.

వొకేషనల్, పారామెడికల్, నర్సింగ్ కోర్సులు పూర్తి చేసి శిక్షణ ఆగిపోయిన పిల్లలు మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉంటే తెలియజేయగలరు. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు తెచ్చుకోండి. ప్రతి బుధవారం మధ్యాహ్నం 3 గంటల తర్వాత ఓపీ వెనుక వరండాలో కూర్చుంటాం. దరఖాస్తు నింపడంలో, ఒప్పందం కాగితం చదివి చెప్పడంలో సహాయం చేస్తాం. డయాలిసిస్‌కు వచ్చిన రోజే ఆ పని కూడా చూసుకోవచ్చు, దానికోసం ఇంకో రోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదు.